పేగులు సున్నితమైతే ఏ ఓట్స్ కొనాలి?

తిన్నది పడక, ఉబ్బరంతోనో విరేచనాలతోనో మలబద్ధకంతోనో ఇబ్బంది పడే పాఠకులు ఓట్స్ గురించి చాలా ప్రశ్నలు పంపారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి మా పోషకాహార నిపుణులు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు అతిసున్నితంగా మారే సమస్య) ఉందని డాక్టరుగారు చెప్పి, ఆహారంలో పీచు పెంచమన్నారు. సూపర్ మార్కెట్‌కి వెళ్తే రోల్డ్, క్విక్, ఇన్‌స్టంట్, స్టీల్ కట్, ఓట్ బ్రాన్ అని ఐదు రకాలు కనిపించాయి. వీటిలో దేంట్లో పీచు ఎక్కువ? నేను ఏది కొనుక్కోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ప్యాకెట్ వెనుక పట్టిక చూడండి. మొదటి నాలుగు రకాల్లోనూ పీచు దాదాపు ఒకటే, 100 గ్రాములకు 10 గ్రాములు అటూ ఇటుగా. నాలుగూ ఒకే గింజ నుంచి వచ్చినవి కదా! ఊక తీసిన గింజను బ్లేడుతో రెండు మూడు ముక్కలు చేస్తే స్టీల్ కట్. ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్. ముందు ముక్కలు చేసి, ఆ తర్వాత ఇంకా పల్చగా నొక్కితే క్విక్. ముందే ఉడికించి ఆరబెట్టి వేడినీళ్లు పోస్తే చాలనేట్టు చేసింది ఇన్‌స్టంట్. ఈ పనుల్లో ఎక్కడా పీచు తీసెయ్యరు. ఓట్ బ్రాన్ సంగతి వేరు. అది గింజ పైపొరలున్న భాగాన్ని జల్లెడ పట్టి విడదీసింది, కాబట్టి అందులో 15 గ్రాములో, అంతకంటే ఎక్కువో ఉంటుంది.

అలాగని బ్రాన్ కొనేయకండి. మీకు కావాల్సింది ఎక్కువ పీచు కాదు, మీ పేగు తట్టుకునే పీచు. పీచులో నీటిలో కరిగేది, కరగనిది అని రెండు రకాలు. గోధుమ పొట్టులాంటి కరగని పీచు పేగులో పెద్దగా మారకుండా కదిలిపోతూ లోపలి పొరను రాసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి అది మేలే, ఐబీఎస్ ఉన్నవారిలో చాలామందికి మాత్రం నొప్పీ ఉబ్బరమూ పెంచుతుంది. అందుకే అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐబీఎస్‌కు కరిగే పీచునే సూచించింది, కరగని పీచును కాదు. బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాలు గోధుమ పొట్టు తగ్గించమంటూనే, గ్యాస్, ఉబ్బరం ఉన్నవారికి ఓట్స్ ఉపయోగపడవచ్చని పేరుపెట్టి చెబుతాయి. ఓట్స్‌లోని పీచులో సుమారు సగం కరిగేదే. అందులో ముఖ్యమైనది బీటా గ్లూకాన్, 100 గ్రాముల ఓట్స్‌కు 4 గ్రాముల దాకా ఉంటుంది. నీళ్లు తగిలితే బెండకాయ జిగురులా చిక్కబడేది ఇదే. ఆ జిగురు మలంలో నీటిని పట్టి ఉంచుతుంది. అందువల్ల గట్టిగా అయ్యేవారికి మెత్తబడుతుంది, నీళ్లలా అయ్యేవారికి కాస్త గట్టిపడుతుంది.

ఇక నాలుగింట్లో ఏది? మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు పేగులో పులిసి గ్యాస్ పుట్టించే చక్కెరలను, అంటే ఫాడ్‌మ్యాప్‌లను, ఆహారంవారీగా కొలిచి పట్టికలు ఇస్తారు. వాటి ప్రకారం రోల్డ్ ఓట్స్ ఒక పూటకు 52 గ్రాముల దాకా, అంటే అర కప్పు, సురక్షితం. క్విక్ ఓట్స్‌కు ఆ హద్దు 23 గ్రాములే, పావు కప్పు. గింజ ఒకటే అయినా రకం మారితే హద్దు సగానికి పైగా పడిపోయింది. కాబట్టి మొదటి ఎంపిక ఏమీ కలపని రోల్డ్ ఓట్స్. ఓపిక, సమయం ఉంటే స్టీల్ కట్ కూడా ప్రయత్నించవచ్చు. ఇన్‌స్టంట్ వద్దు. అది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది, పైగా పంచదారో మసాలానో కలిపి అమ్మేవే ఎక్కువ.

మన దుకాణాల్లో ఒక చిక్కుంది. ప్యాకెట్ మీద ‘రోల్డ్’ అని రాసి, కింద ‘3 నిమిషాల్లో సిద్ధం’ అని ఉండే సరుకు చాలాసార్లు పనితీరులో క్విక్ ఓట్సే. కొన్నాక ఒక చెంచాడు తెల్లకాగితం మీద పోసి చూడండి. అసలైన రోల్డ్ రేకు విరగకుండా, చిన్న గోరంత అండాకారంలో, మధ్యలో నిలువుగా ఒక గాడితో ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కితే వెంటనే పిండి కాదు. క్విక్ అయితే చిన్న తునకలు, పల్చని పొరలు, కాగితం మీద తెల్లని పొడి. కొనకముందు చూడాలంటే ఉడికే సమయమే గుర్తు. 5 నిమిషాలు, ఆ పైన అని రాసి ఉంటే తీసుకోండి. పదార్థాల వరుసలో ‘ఓట్స్’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ ఉండకూడదు.

లెక్క కూడా తెలిసి ఉండాలి. 40 గ్రాముల ఓట్స్‌తో వచ్చేది 4 గ్రాముల పీచు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. గిన్నెడు ఓట్స్ తిని ఆ రోజుకు పని అయిపోయిందనుకోవడానికి లేదు. మిగతాది కూరలు, పప్పు, పండ్ల నుంచే రావాలి. ప్యాకెట్ మీద గుండె బొమ్మ వెనుక ఉన్న లెక్క రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్. ఓట్స్ గుండెకు మేలని రాసుకోవడానికి అమెరికా ప్రభుత్వం 1997లో ఇచ్చిన అనుమతి అది. అంత రావాలంటే రోజుకు దాదాపు 75 గ్రాముల ఓట్స్ తినాలి. కొలెస్ట్రాల్ కోసం తినేవారికి అది సరే, మీరు మాత్రం ఒక్క పూటలో అంత తినకండి.

ప్రశ్న: ఆరోగ్యానికి మంచిదని పొద్దున ఒక కప్పు క్విక్ ఓట్స్, పెద్ద గ్లాసు పాలు, రెండు టేబుల్ స్పూన్ల తేనె, ఒక ఆపిల్, నాలుగు ఖర్జూరాలు, గుప్పెడు జీడిపప్పు వేసుకుని తినడం మొదలుపెట్టాను. మూడో రోజుకల్లా పొట్ట డప్పులా ఉబ్బి, ఆఫీసులో కూర్చోలేకపోయాను. ఓట్స్ నాకు పడవని వదిలేయాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ గిన్నెలో ఉన్నవాటిలో అన్నిటికన్నా అమాయకమైనది ఓట్సే! తప్పు దాని మీదకు నెట్టే ముందు ఒక్కొక్కటీ చూద్దాం.

పెద్ద గ్లాసు పాలంటే 200 మిల్లీలీటర్లు దాటుతుంది, అందులో లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, 10 గ్రాముల దాకా. దక్షిణాదిలో పెద్దవయసుకు వచ్చేసరికి లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము తగ్గిపోయినవారే ఎక్కువ. మామూలు మనిషి ఒక గ్లాసు వరకు తట్టుకోవచ్చు, సున్నితమైన పేగుకు అంత కూడా ఎక్కువ కావచ్చు. తేనెలో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ, ఆ మిగులు చిన్నపేగులో పూర్తిగా ఇంకదు. ఆపిల్‌లోనూ అదే ఫ్రక్టోజ్ మిగులు, దానికి తోడు సరిగా ఇంకని సార్బిటాల్ అనే తీపి పదార్థం. ఖర్జూరంలో ఫ్రక్టాన్లు, అంటే ఫ్రక్టోజ్ గొలుసులు. జీడిపప్పులో ఫ్రక్టాన్లూ, పప్పుధాన్యాల్లో గ్యాస్ పుట్టించే గాలాక్టాన్లూ రెండూ. ఇవన్నీ చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు చేరి, అక్కడి బ్యాక్టీరియాకు విందు అవుతాయి. బ్యాక్టీరియా తింటే వచ్చేది గ్యాసే. పైగా ఓట్స్ కూడా పై జవాబులో చెప్పిన హద్దుకు కనీసం మూడు రెట్లు. కప్పు క్విక్ ఓట్స్ అంటే 80 గ్రాములు దాటుతుంది.

వారం రోజులు ఓట్స్ పూర్తిగా ఆపి, పొట్ట మామూలు స్థితికి వచ్చాక ఇలా మొదలుపెట్టండి. మొదటి వారం రోల్డ్ ఓట్స్ 15 గ్రాములు, అంటే మూడు టేబుల్ స్పూన్లు. నీళ్లతోనే ఉడికించాలి. చిటికెడు ఉప్పు, కావాలంటే టీ స్పూను బెల్లం. రెండో వారం 25 గ్రాములు. మూడో వారం 40. అంతకు మించి ఒక పూటకు అక్కర్లేదు. ప్రతి మెట్టు మీదా కనీసం ఐదు రోజులు ఆగాలి. కొత్త పీచు వచ్చినప్పుడు బ్యాక్టీరియా సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ లోపు కొంచెం గ్యాస్ ఎక్కువ పోవడం మామూలే. నొప్పి వచ్చినా, పొట్ట బిగుసుకుపోయినా ఒక మెట్టు కిందికి దిగండి. 15 గ్రాముల దగ్గరే, పాలూ తేనే లేకుండా కూడా, రెండు వారాలు ఇబ్బంది పెడితే అప్పుడు ఓట్స్ పడవని ఒప్పుకోవచ్చు.

జావ కాచే తీరు కూడా ముఖ్యమే. 40 గ్రాములకు 300 నుంచి 350 మిల్లీలీటర్ల నీళ్లు. చల్లటి నీళ్లలోనే ఓట్స్ వేసి, పది నిమిషాలు నాననిచ్చి, సన్న సెగ మీద 7–8 నిమిషాలు కలుపుతూ ఉడికించండి. బీటా గ్లూకాన్ వల్ల నురుగు ఎత్తుకొచ్చి పొంగుతుంది, కాబట్టి గిన్నె సగానికి మించి నిండకూడదు. బుడగలు రాగానే దించేస్తే రేకు లోపల పిండి పూర్తిగా ఉడకదు. గిన్నెలో చల్లారుతూ గడ్డ కడుతుంది, తిన్నాక పొట్టలో బరువుగా అనిపిస్తుంది. రేకు అంచులు కరిగి, గరిటె ఎత్తితే తీగలా జారాలి. అదీ ఉడికినట్టు గుర్తు.

పైన ఏం వేసుకోవాలంటారా? ఒక చిన్న కప్పు బొప్పాయి ముక్కలు. లేదా పసుపు తిరిగినా ఇంకా గట్టిగా ఉన్న అరటిపండు. మచ్చలు పడి మెత్తబడ్డ పండులో ఫ్రక్టాన్లు పెరుగుతాయి, అది వద్దు. నానబెట్టి తొక్క తీసిన బాదం పది లోపు. అవిసె గింజల పొడి ఒక టీ స్పూనుతో మొదలుపెట్టి టేబుల్ స్పూను వరకు. పాల రుచి కావాలంటే లాక్టోజ్ లేని పాలు దొరుకుతున్నాయి. లేకపోతే జావ చల్లారాక పల్చని మజ్జిగ కలుపుకోవచ్చు. తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజ్‌లో కొంత ఖర్చైపోతుంది, నీళ్లు కలిపి పల్చన చేయడంతో ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ ఒకేరోజు కాదు, వారానికి ఒకటి చొప్పున కలపండి. అప్పుడే ఏది పడలేదో తెలుస్తుంది.

ప్రశ్న: తీపి జావ నావల్ల కాదు. మసాలా ఓట్స్ ప్యాకెట్లు బాగుంటున్నాయి కానీ తిన్న గంటకే కడుపులో గుడగుడ. ఓట్స్ ఉప్మా చేసుకుంటే పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ప్యాకెట్ వెనక చూస్తే ఉల్లిపొడి, వెల్లుల్లి పొడి కనిపిస్తాయి. ఐబీఎస్ ఉన్నవారికి ఈ రెండింటికంటే పెద్ద శత్రువులు వంటింట్లో తక్కువ. పొడి రూపంలో ఉంటే ఫ్రక్టాన్లు మరింత చిక్కగా ఉంటాయి, చెంచాలో నాలుగోవంతు కూడా ఎక్కువే. గుడగుడకు ఎక్కువ అవకాశం ఉన్నది వాటివల్లే.

ఉప్మా హాయిగా చేసుకోండి. అర కప్పు రోల్డ్ ఓట్స్‌ను నూనె లేకుండా బాణలిలో మూడు నాలుగు నిమిషాలు సన్న సెగన వేయించి పక్కన పెట్టండి. ఈ పని మానేస్తే ఉప్మా కాదు, జిగురు ముద్ద అవుతుంది. రెండు టీ స్పూన్ల నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, టీ స్పూను అల్లం తురుము, ఇంగువ. పోపులో మినప్పప్పు, శనగపప్పు అర టీ స్పూను మించకూడదు. క్యారెట్ ఒకటి, బీన్స్ ఐదారు సన్నగా తరిగి, మూత పెట్టి మగ్గించాలి. 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఉప్పు వేసి, మరిగాక ఓట్స్ వేసి రెండు నిమిషాలు. మంట ఆపి మూత పెట్టి ఇంకో మూడు నిమిషాలు వదిలేయండి. ఉల్లి రుచి కావాలంటే ఉల్లికాడల్లో పచ్చటి భాగం మాత్రమే తరిగి వేయండి, తెల్లటి గడ్డ భాగంలోనే ఫ్రక్టాన్లు ఉంటాయి. పచ్చిమిర్చి మీకు సరిపడితే ఒకటి. విరేచనాలు ఎక్కువగా ఉండేవారు దాని బదులు మిరియాల పొడి కొంచెం చాలనుకోవాలి.

వెల్లుల్లి వాసన లేకుండా తాలింపు ఏమిటి అనుకునేవారికి ఒక దారుంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. రెండు రెబ్బలు చితక్కుండా నూనెలో ఎర్రగా వేయించి తీసి పారేయండి, వాసన నూనెలో మిగులుతుంది. రెబ్బల్ని ఉంచేసి నీళ్లు పోసి, చివర్లో ఏరేస్తే మాత్రం లాభం లేదు, అప్పటికే ఫ్రక్టాన్లు నీళ్లలోకి దిగిపోతాయి. ఈ నూనె ఏ పూటకాపూట చేసుకోవాలి. వెల్లుల్లి నూనెను సీసాలో పోసి బయట నిల్వ ఉంచితే బొటులిజమ్ అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం పుట్టే అవకాశం ఉంది.

ప్రశ్న: మా అనంతపురం వైపు రాగి సంగటి, రాగి జావ తరతరాలుగా తింటున్నాం. రాగిలో పీచు ఓట్స్‌కంటే ఎక్కువే కదా, మళ్లీ ఈ ఓట్స్ ఎందుకు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రాగి మీకు పడుతుంటే ఓట్స్ జోలికి పోనక్కర్లేదు. ఖర్చూ తక్కువ, కాల్షియం విషయంలో ఓట్స్ రాగి దరిదాపుల్లోకి రాదు.

మీరన్న లెక్క నిజమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో 100 గ్రాముల రాగికి పీచు 11 గ్రాములు, జొన్నకు 10. మొత్తం చూస్తే ఓట్స్‌కు సమానమే. విడదీసి చూస్తేనే తేడా. రాగిలోని 11 గ్రాముల్లో కరిగేది 2 గ్రాముల లోపే, మిగతాదంతా కరగనిది. జొన్నదీ అదే తీరు. ఓట్స్‌లో కరిగేది సగం. డాక్టరు పీచు పెంచమన్నారని రోజూ మూడు పూటలా జొన్నరొట్టె, రాగి సంగటి మొదలుపెట్టి, నొప్పి ఎక్కువైందనేవారికి కారణం తరచుగా ఇదే. వాళ్లు ఒక పూట ఓట్స్ పెట్టుకుని, మిగతా పూటలకు తెల్లన్నం, సొరకాయ, బీరకాయ, క్యారెట్ లాంటి మెత్తని కూరలతో తిని చూడాలి. రాగే కావాలంటే పిండిని సన్నని జల్లెడ పట్టి, పల్చని జావగా బాగా ఉడికించి తాగితే సంగటి కంటే తేలిక.

తెల్లన్నాన్ని అందరూ తిడుతున్న కాలం ఇది. పీచు తక్కువే, ఒప్పుకుంటాం. కానీ పొట్ట మొండికేసిన రోజున అన్నం, పల్చని మజ్జిగ కంటే తేలికగా అరిగేవి తక్కువ.

ప్రశ్న: వయసు 56. షుగరుకు ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఆరు నెలలుగా రోజుకు నాలుగైదు సార్లు పల్చగా విరేచనాలు. ఐబీఎస్ అయి ఉంటుందని మెడికల్ షాపు అబ్బాయి అన్నాడు. ఓట్స్ తింటే ఎక్కువవుతాయా, తగ్గుతాయా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు ముందు వెళ్లాల్సింది ఓట్స్ దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి. 50 దాటాక కొత్తగా మొదలైన విరేచనాలను పరీక్షలు చేయకుండా ఐబీఎస్ అనకూడదు. రక్తపరీక్ష, థైరాయిడ్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష, పేగులో వాపును పట్టిచ్చే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, అవసరాన్ని బట్టి కొలనోస్కోపీ చేయిస్తారు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి రావడం, జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం – వీటిలో ఒక్కటున్నా ఆలస్యం చేయకండి. మన దేశంలో పేగు క్షయను కూడా మరచిపోకూడదు. దానివల్ల పేగు సన్నబడినచోట పీచు ఎక్కువైతే అడ్డుపడే ప్రమాదం ఉంది. పేగులో దీర్ఘకాలం వాపు ఉండే క్రోన్స్ వ్యాధితో పేగు ఇరుకైనవారికీ ఇదే జాగ్రత్త.

ఇంకొకటి. మెట్‌ఫార్మిన్ వల్ల విరేచనాలు రావడం సాధారణం. మొదట్లోనే కాదు, ఏళ్లతరబడి బాగానే వాడినవారికి కూడా ఉన్నట్టుండి మొదలుకావచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చితేనో, మోతాదు తగ్గిస్తేనో చాలామందికి తగ్గుతుంది. ఆ నిర్ణయం డాక్టరుదే, మీ అంతట మీరు మాత్ర ఆపకండి.

పరీక్షలన్నీ అయ్యాక ఐబీఎస్ అని తేలితే, ఓట్స్ మీకు పనికొస్తాయి. కరిగే పీచు వదులుగా ఉన్న నీటిని పట్టుకుంటుంది. రోల్డ్ ఓట్స్ 20 గ్రాములతో మొదలుపెట్టి, 40 దగ్గర ఆపండి. షుగరు ఉంది కాబట్టి బెల్లం, పండిన అరటిపండు లేకుండా, ఉప్పు జావగానో ఉప్మాగానో తినండి. పిండిపదార్థం 40 గ్రాముల ఓట్స్‌లో కూడా 25 గ్రాముల పైనే ఉంటుంది, ఓట్స్ తిన్నాం కదా అని పక్కన రెండు ఇడ్లీలు కలపకూడదు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడ గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ఓట్స్ ధర చాలా ఎక్కువ. ఐబీఎస్‌కు అవే కొనాలా? స్టీల్ కట్ ఓట్స్ ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటున్నాయి, ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ సహజంగా ఉండదు, అవెనిన్ అనే వేరే ప్రోటీన్ ఉంటుంది. చిక్కంతా పొలంలో, లారీలో, మిల్లులో గోధుమ, బార్లీ కలవడం దగ్గర. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఆ కొద్దిపాటి కల్తీ కూడా హాని, వాళ్లు కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉన్నట్టు ధ్రువీకరించినవే కొనాలి. అమెరికాలోనూ మన దేశంలోనూ హద్దు అదే. సీలియాక్ ఉన్నవారిలో కొద్దిమందికి అవెనిన్ కూడా పడదు, కాబట్టి డాక్టరుకు చెప్పే మొదలుపెట్టాలి. ఐబీఎస్ మాత్రమే ఉంటే ఆ అదనపు డాలర్లు దండగ. సీలియాక్ పరీక్ష చేయించుకోకపోతే మాత్రం గోధుమ మానక ముందే చేయించుకోండి. మానేసిన కొన్నాళ్లకు చేసే రక్తపరీక్ష ఏమీ లేదని తప్పుగా చెప్పవచ్చు.

స్టీల్ కట్ మెత్తబడాలంటే రాత్రే పని మొదలవ్వాలి. 40 గ్రాములను 350 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో వేసి, ఒక నిమిషం ఉడకనిచ్చి, మంట ఆపి మూత పెట్టండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నే సన్న సెగన పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. నానబెట్టకపోతే 25–30 నిమిషాలు పట్టడం దాని సహజగుణం. ఉప్పు చివర్లో వేయండి. పాలు పోసి ఉడికిస్తే అడుగంటుతుంది, గింజ కూడా ఆలస్యంగా మెత్తబడుతుంది. నీళ్లతో ఉడికించి తర్వాత పాలు కలపడమే మేలు.

ప్రశ్న: రాత్రి పెరుగులో ఓట్స్ నానబెట్టి పొద్దున ఉడికించకుండా తింటున్నాను. మంచిదేనా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఆరోగ్యవంతులకు మంచిదే. ఐబీఎస్ ఉంటే మాత్రం మొదట ఉడికించినదే తినండి. ఉడకని పిండిలో కొంత చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు దాకా వెళ్లి పులుస్తుంది. నెలరోజులు ఉడికించినవి బాగా పడ్డాక, 20 గ్రాములతో నానబెట్టినవి ప్రయత్నించండి. నానబెట్టిన గిన్నె రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉండాలి, మన ఎండల్లో గట్టు మీద వదిలేస్తే పెరుగు పులుపు దాటిపోతుంది.

ప్రశ్న: పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. మలబద్ధకానికి ఓట్స్, ఇసబ్‌గోల్ రెండూ తీసుకోమంటున్నారు, ఐరన్ మాత్రలు కూడా ఉన్నాయి. దేని తర్వాత ఏది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: థైరాయిడ్ మాత్ర లేవగానే, ఉత్త మంచినీళ్లతో. ఓట్స్ కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత. పీచు ఆ మందును పూర్తిగా ఒంటబట్టనివ్వదు, అందుకే ఈ ఎడం. ఐరన్ మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి. ఓట్స్‌లో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఇనుమును పట్టేస్తాయి కాబట్టి ఐరన్ మాత్ర ఓట్స్‌తో కాకుండా, మధ్యాహ్నం భోజనానికి రెండు గంటల దూరంలో నిమ్మరసంతో వేసుకోవడం మంచిది. ఐరన్ మాత్ర కూడా మలబద్ధకం తెస్తుందని గుర్తుంచుకోండి. మీ ఇబ్బంది మాత్రతోపాటే మొదలైతే డాక్టరుతో చెప్పి రకం మార్పించుకోండి.

ఇసబ్‌గోల్ రాత్రి పడుకునే ముందు కాకుండా సాయంత్రం తీసుకోండి, రోజుకు 3–4 గ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగేయాలి, ఆగితే గడ్డకడుతుంది. పైన ఇంకో గ్లాసు నీళ్లు. నీళ్లు తక్కువై, పీచు మాత్రమే ఎక్కువైతే మలం ఇంకా గట్టిపడుతుంది. ఓట్స్, ఇసబ్‌గోల్ రెండూ ఒకే వారంలో మొదలుపెట్టకండి. ముందు ఓట్స్, మూడు వారాలు చూసి చాలకపోతే అది.

ప్రశ్న: టీతో పాటు ‘హై ఫైబర్’ ఓట్స్ బిస్కెట్లు తింటే ఆ పీచు లెక్కలోకి వస్తుందా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం 100 గ్రాములకు 6 గ్రాముల పీచు ఉంటే చాలు, ‘హై ఫైబర్’ అని రాసుకోవచ్చు. మీరు తినేది 100 గ్రాములు కాదు, రెండు బిస్కెట్లు, 20 గ్రాములు కూడా ఉండవు. వచ్చే పీచు ఒక గ్రాము చుట్టుపక్కల. పదార్థాల వరుస ఎప్పుడూ ఎక్కువ బరువున్నదానితో మొదలవుతుంది. అక్కడ మైదానో గోధుమపిండో ముందుండి, పంచదార, పామాయిల్ దాటాక ఓట్స్ కనబడితే అది ఓట్స్ బిస్కెట్ కాదు, ఓట్స్ చల్లిన బిస్కెట్. పీచు అంకె పెంచడానికి కొందరు చికోరీ వేరు నుంచి తీసిన ఇనులిన్ కలుపుతారు. అది అచ్చంగా ఫ్రక్టానే. ‘ఇనులిన్’, ‘చికోరీ రూట్ ఫైబర్’, ‘ఒలిగోఫ్రక్టోజ్’ – ఈ మూడింట్లో ఏ మాట కనిపించినా ప్యాకెట్ తిరిగి అరలో పెట్టేయండి.